ఇరుగుపొరుగు – ఒకే దేశం
(పర్చూరులో మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో పిల్లల చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, ఖబరస్తాన్ ప్రహరీ గురించి మాట్లాడుకోవడం మనకు ఆనవాయితీ. ఈసారి కమిటీవారు మమ్మల్ని వేరే సంగతి చెప్పమన్నారు. కారణం మీలో చాలామందికి తెలిసిందే. ఖమ్మం వైపు నుంచి వచ్చిన ఒక మంచి సంబంధం, కట్నకానుకల తగాదా లేకుండానే, పిల్లవాడి నడతలో వంక లేకుండానే చెడిపోయింది. "ఆంధ్రోళ్లతో మనకెందుకు" అని అటు పెద్దలు కొందరు, "తెలంగాణోళ్ల ఇంటికి పిల్లనెట్లా పంపుతాం" అని ఇటు పెద్దలు కొందరు. ఇద్దరూ ముస్లిములే, ఇద్దరూ తెలుగు మాట్లాడేవారే, ఇద్దరూ మిరప పండించేవారే. మరి ఏమిటి అడ్డం వచ్చింది? ఈ ప్రశ్నకు జవాబు వెతకడమే ఈనాటి మా పని. ఎవరినీ తప్పుపట్టడానికి కాదని ముందే మనవి చేస్తున్నాము.

మొదట మన ఊరి సంగతి చూద్దాం. ఈ పర్చూరు ఉన్నచోటు నుంచి ఒక్క గజం కూడా కదలలేదు. అదే నల్లరేగడి, అదే పత్తి, అదే మిరప కల్లాలు. కాని ఉత్తరం మీద రాసే చిరునామా ఎన్నిసార్లు మారిందో లెక్కపెట్టండి. 1953కు ముందు మనది మద్రాసు రాష్ట్రం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్. జిల్లా చూస్తే గుంటూరు జిల్లా. 1970లో కొత్తగా వచ్చిన ఒంగోలు జిల్లాలో కలిశాం. 1972లో దానికి టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. 2014 జూన్ 2న తెలంగాణ విడిపోయి, మిగిలిన ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాం. 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లావారమయ్యాం. ఇంకా వెనక్కి వెళితే, ఈ గుంటూరు సర్కారు నిజాం పాలనలోనే ఉండేది. 1788లో ఈస్టిండియా కంపెనీ చేతికి వెళ్లింది. అంటే మన పూర్వీకులు ఒకప్పుడు హైదరాబాదు వారికే శిస్తు కట్టారన్నమాట!

ఇన్నిసార్లు గీతలు గీసి చెరిపారు. ప్రతి గీతకూ ఒక పోరాటం, ఒక కోపం, ప్రాణాలు పోయిన ఇళ్లు ఉన్నాయి. గీతలు అవసరం లేదని మేము అనము. పరిపాలనకు గీతలు కావాలి. అయితే గీతకు అటు ఉన్నవాడు మనిషిగానే చెడ్డవాడు అనే ఆలోచన ఎక్కడినుంచి వచ్చింది అన్నదే చూడవలసిన విషయం.

ఒకప్పుడు ఆ ఫిర్యాదు చేసినవాళ్లం మనమే. ఇక్కడికి దగ్గరలోని బాపట్లలోనే 1913లో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. అధ్యక్షులు బయ్యా నరసింహేశ్వర శర్మగారు. ఆనాడు తెలుగువారి బాధ ఏమిటి? మద్రాసులో ఉద్యోగాలన్నీ అరవవారివే అయిపోతున్నాయి, కాలేజీలు అక్కడే, కోర్టు అక్కడే, మన జిల్లాల ఆదాయం అక్కడికే పోతోంది అని. అందులో నిజం లేకపోలేదు. ఆ ఉద్యమం నలభై ఏళ్లు సాగింది. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములుగారు మద్రాసులో నిరాహారదీక్షలో ప్రాణం విడిచారు. తరువాతనే రాష్ట్రం వచ్చింది. ఈ కథ మనకు గర్వకారణం. పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం, పిల్లల చేత ఏకపాత్రాభినయాలు కూడా వేయించాం.

ఆ కథలోనే ఇంకొక చిన్న కథ ఉంది. దాన్ని మనవైపు తక్కువగా చెప్పుకుంటారు. మద్రాసు పెత్తనం గురించి కోస్తావారు అన్న మాటలనే, కోస్తావారి గురించి రాయలసీమవారు అన్నారు. "మీరు చదువుకున్నవాళ్లు, కాలువలున్నవాళ్లు, రేపు రాష్ట్రం వస్తే మా గతి ఏమిటి?" అని అడిగారు. అందుకని 1937 నవంబరు 16న మద్రాసులో శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నారు. రాజధాని గాని హైకోర్టు గాని సీమకు ఇస్తామని, నీటిలో, విశ్వవిద్యాలయంలో వాటా ఇస్తామని మాట ఇచ్చారు. 1953లో కర్నూలు రాజధాని అయింది, 1954లో గుంటూరుకు హైకోర్టు వచ్చింది. 1956లో రెండూ హైదరాబాదుకు వెళ్లిపోయాయి. 2014 తరువాత రాజధాని ఎక్కడ అన్న తగవు మళ్లీ లేచినప్పుడు, సీమవారు ఆ 1937 కాగితాన్నే బయటికి తీశారు. ఎనభై ఏళ్లు గడిచినా ఇచ్చిన మాటను జనం మరచిపోరనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

ఇక తెలంగాణ సంగతికి వద్దాం. 1788 నుంచి 1956 దాకా నూట అరవై ఎనిమిదేళ్లు మనం ఒక పాలనలో, వారు ఒక పాలనలో ఉన్నాం. బెజవాడ కాడ కృష్ణకు ఆనకట్ట 1855 నాటికే పూర్తయింది. కాలువల కింద వరి పండింది, చేతిలో డబ్బు ఆడింది, ఇంగ్లీషు బడులు వచ్చాయి. అటు నిజాం రాజ్యంలో కోర్టు భాష, ఆఫీసు భాష ఉర్దూ. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనా భాష ఉర్దూ. జాగీరుదార్లు, దేశ్‌ముఖుల కింద రైతు నలిగిపోయాడు. కనుక 1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశంలో కలిసిన తరువాత, ఇంగ్లీషు వచ్చిన గుమస్తా, టీచరు, ఇంజనీరు కావలసివచ్చినప్పుడు ఎవరు ముందుంటారు? మద్రాసు రాష్ట్రంలో చదివినవారు ముందుంటారు. అది వారి తెలివి ఎక్కువై కాదు, వీరి తెలివి తక్కువై కాదు. ఒకరికి వంద ఏళ్ల ముందు కాలువ, బడి వచ్చాయి, ఒకరికి రాలేదు. అంతే.

హైదరాబాదు రాజ్యంలో ఇటువంటి భయం కొత్త కాదు. పందొమ్మిదో శతాబ్దంలోనే ఉత్తరాది నుంచి చదువుకున్నవారు వచ్చి పెద్ద ఉద్యోగాల్లో కూర్చుంటే, స్థానికులు ముల్కీ, గైర్ ముల్కీ అన్న మాట లేవదీశారు. గమనించండి, ఆ వచ్చినవారిలోనూ, అడ్డుపడినవారిలోనూ ముస్లిములు చాలామంది. ఒకే మతం, ఒకే భాష. అయినా కొలువు కాడికి వచ్చేసరికి "నీది ఏ ఊరు?" అన్నది ప్రశ్న అయింది. 1919 నాటి నిజాం ఫర్మానా ప్రకారం ఉద్యోగానికి ముల్కీ అయివుండాలి, బయటివాడైతే పదిహేనేళ్లు అక్కడ నివాసముండాలి. 1952లో బూటకపు ముల్కీ సర్టిఫికెట్లతో బయటివాళ్లు ఉద్యోగాలు కొట్టేస్తున్నారని వరంగల్లులో విద్యార్థులు లేచారు. సెప్టెంబరు 3న హైదరాబాదు సిటీ కాలేజీ కాడ పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అప్పటికి ఆంధ్ర రాష్ట్రమే పుట్టలేదు. కాబట్టి ఈ తగవు ఎవరో నాయకుడు నిన్నమొన్న పుట్టించింది అనుకోవడం సరికాదు.

రాష్ట్రాల పునర్విభజన సంఘం అధ్యక్షులు జస్టిస్ ఫజల్ అలీగారు. ఆయన, కుంజ్రూ, పణిక్కర్ కలిసి 1955లో ఇచ్చిన నివేదిక ఏమి చెప్పింది? విశాలాంధ్ర వల్ల లాభాలున్నాయి, కాని తెలంగాణవారికి భయాలున్నాయి. అందుచేత ప్రస్తుతానికి హైదరాబాదు రాష్ట్రాన్ని విడిగా ఉంచండి, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తరువాత అక్కడి శాసనసభలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటే కలపండి అని. ఎంత నిదానమైన మాట! పిల్లవాడికి ఇష్టం లేకుండా నిఖా చేయవద్దని పెద్దమనిషి చెప్పినట్లు ఉంది. కాని ఆ ఓపిక ఎవరికీ లేకపోయింది. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఎనిమిదిమంది నాయకులు పెద్దమనుషుల ఒప్పందం చేసుకున్నారు. ఆంధ్ర నుంచి బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు గార్లు. తెలంగాణ నుంచి బూర్గుల రామకృష్ణారావు, కె.వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు గార్లు. ఉద్యోగాలలో స్థానిక రక్షణ, తెలంగాణ మిగులు నిధులు తెలంగాణకే ఖర్చు, ముఖ్యమంత్రి ఒక ప్రాంతంవారైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతంవారు – ఇవి షరతులు.

రాష్ట్రం నవంబరులో పుట్టింది. మొదటి ముఖ్యమంత్రి ఆంధ్ర నుంచి వచ్చారు. ఉపముఖ్యమంత్రి పదవి మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. సంతకాల సిరా ఆరకముందే ఒక షరతు పోయింది. పదవి చిన్నదే కావచ్చు. మాట చిన్నది కాదు. పెళ్లిలో రాసుకున్న మెహర్ ఎంత తక్కువైనా, దాన్ని ఇవ్వనంటే ఆ ఇంట్లో శాంతి ఉంటుందా?

1969లో పాల్వంచ, కొత్తగూడెం వైపు మొదలైన ఆందోళన తెలంగాణ అంతా పాకింది. కాల్పుల్లో ఎంతోమంది, ముఖ్యంగా కుర్రవాళ్లు, ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ రోజుల్లో హైదరాబాదు నుంచి పెట్టేబేడా సర్దుకుని గుంటూరు వైపు రైలెక్కిన ఉద్యోగుల కుటుంబాలు మాకు తెలుసు. అర్ధరాత్రి గోడ దూకించి తన ఇంట్లో దాచి, తెల్లవారుజామున రిక్షాలో స్టేషనుకు పంపినవాడు కూడా అక్కడి పక్కింటి తెలంగాణ మనిషేనని అదే కుటుంబాలు చెప్పేవి. మొదటి సగం అందరికీ గుర్తు, రెండో సగం గుర్తుపెట్టుకున్నవారు తక్కువ. 1971 ఎన్నికల్లో తెలంగాణ ప్రజాసమితి పద్నాలుగు లోక్‌సభ స్థానాల్లో పది గెలిచింది. అంటే కోపం నిజమైనదే.

1972 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయని తీర్పు చెప్పింది. అప్పుడు ఇటు జై ఆంధ్ర ఉద్యమం లేచింది. గుంటూరు, ఒంగోలు, బెజవాడ – ఎక్కడ చూసినా హర్తాళ్లు, కర్ఫ్యూలు, కాల్పులు. పి.వి. నరసింహారావుగారి మంత్రివర్గం పోయింది. 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చింది. ఇక్కడ ఒక్కసారి ఆలోచించండి. 1969లో తెలంగాణ "విడిపోతాం" అంది, ఆంధ్ర "కలిసుందాం" అంది. 1972లో ఆంధ్ర "విడిపోతాం" అంది. 2013లో మళ్లీ ఆంధ్ర "సమైక్యం" అంది. మూడేళ్ల తేడాతో ఒకే నినాదం ఇంత మారితే, అందులో జాతి, రక్తం, సంస్కృతి ఎంత? ఉద్యోగం ఎంత? హైదరాబాదు ఎంత? మనిషి తన పిల్లవాడి ఉద్యోగం కోసం పోరాడటం తప్పు కాదు. దాన్ని జాతిగౌరవం పేరుతో చుట్టి, ఎదుటివాడి యాసను, తిండిని, పుట్టుకను తిట్టడం తప్పు.

తరువాత 1973 సెప్టెంబరులో ఆరు సూత్రాలు వచ్చాయి. రాజ్యాంగంలో 371-డి అధికరణం చేరింది. 1975లో రాష్ట్రపతి ఉత్తర్వుతో రాష్ట్రం ఆరు జోన్లయింది. గుంటూరు, ప్రకాశం, నెల్లూరు మూడో జోన్. ఆ జోన్ల ప్రకారం ఉద్యోగాలు దొరికినవారు ఈ సభలోనూ ఉన్నారు. స్థానిక రక్షణ అన్నది తెలంగాణ కోసమే పుట్టినా, మన పిల్లలకూ అది గొడుగు పట్టింది. ఆ ఉత్తర్వు సరిగా అమలు కాలేదని 1985 డిసెంబరులో 610 నంబరు జీవో ఇవ్వవలసివచ్చింది. అది కూడా ఏళ్ల తరబడి కాగితంమీదే ఉందని తెలంగాణవారు అన్నారు. 2009 డిసెంబరు 9న కేంద్రం ప్రకటన, శ్రీకృష్ణ కమిటీ, 2013లో ఇటు రెండు నెలలకు పైగా ఉద్యోగుల సమ్మె, 2014 ఫిబ్రవరిలో పార్లమెంటులో బిల్లు, జూన్ 2న రెండు రాష్ట్రాలు – ఇదంతా మీ కళ్లముందు జరిగింది.

విడిపోయిన తరువాత ఏమైంది? ఆకాశం విరిగిపడలేదు. హైదరాబాదులో మనవాళ్ల ఇళ్లు మనవాళ్లవే. అక్కడి ఆస్పత్రులకు మన రోగులు వెళుతూనే ఉన్నారు. గుంటూరు మిర్చి యార్డుకు తెలంగాణ నుంచి, కర్ణాటక నుంచి బస్తాలు వస్తూనే ఉన్నాయి. కలిసుంటేనే తెలుగుజాతి బతుకుతుందన్నవారి మాటా నిజం కాలేదు, విడిపోతే పొరుగువాడు తరిమేస్తాడన్నవారి మాటా నిజం కాలేదు. అయితే లెక్కలు మాత్రం తేలలేదు. ఉమ్మడి సంస్థల పంపకం పదేళ్లకు కూడా పూర్తి కాక, 2024 జూలైలో ఇద్దరు ముఖ్యమంత్రులు హైదరాబాదులో కూర్చుని మళ్లీ మాట్లాడుకోవలసివచ్చింది.

నీళ్ల సంగతి మనకు మరీ దగ్గర. 2023 నవంబరు 30 తెల్లవారేసరికి నాగార్జునసాగర్ డ్యాం మీద ఇరవైఆరు గేట్లలో పదమూడింటిని మన రాష్ట్ర పోలీసులు స్వాధీనంలోకి తీసుకున్నారు. అవతల తెలంగాణ పోలీసులు. ఇద్దరూ తెలుగు మాట్లాడే కానిస్టేబుళ్లే. చివరికి కేంద్ర బలగాలు వచ్చి నడుమ నిలబడ్డాయి. ఆ రోజు మన కుర్రవాళ్ల ఫోన్లలో తిరిగిన మాటలు ఇక్కడ చెప్పదగినవి కావు. ఆ కుర్రవాళ్లకు ఒక సంగతి చెప్పదలిచాము. సాగర్‌కు నెహ్రూగారు శంకుస్థాపన చేసినది 1955 డిసెంబరు 10న. అప్పటికి ఆంధ్ర వేరే రాష్ట్రం, హైదరాబాదు వేరే రాష్ట్రం. రెండు వేరు రాష్ట్రాలు కూడబలుక్కుని కుడికాలువ మీకు, ఎడమకాలువ మాకు అని ఆ డ్యాం మొదలుపెట్టాయి. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీగారు నీళ్లు వదిలారు. అంటే రెండిళ్లవాళ్లయినా కలిసి బావి తవ్వుకోగలరు, ఒకే ఇంటివాళ్లయినా చేద కోసం కొట్టుకోగలరు. గీత ఉండటం లేకపోవటం కాదు ముఖ్యం, వంతు న్యాయంగా ఉండటం ముఖ్యం. కాలువ చివరి భూములవాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పనక్కరలేదు.

భాష ఒకటైనంత మాత్రాన కలిసిపోలేదు సరే, మతం ఒకటైతే కలిసిపోతారా? దీనికి జవాబు మన పొరుగు దేశంలోనే దొరుకుతుంది. మతం పేరున పాకిస్తాన్ ఏర్పడింది. తూర్పున బెంగాలీ మాట్లాడే ముస్లిములు సంఖ్యలో ఎక్కువ. అయినా ఉర్దూ ఒక్కటే జాతీయ భాష అన్నారు. 1952 ఫిబ్రవరి 21న ఢాకాలో బెంగాలీ కోసం విద్యార్థులు కాల్పుల్లో చనిపోయారు. 1970 ఎన్నికల్లో గెలిచిన తూర్పువారికి అధికారం ఇవ్వలేదు. 1971లో సైన్యాన్ని దించారు. డిసెంబరు 16 నాటికి ఆ దేశం రెండయింది. కథ అక్కడితో ఆగలేదు. బీహారు నుంచి వెళ్లి ఢాకాలో స్థిరపడిన ఉర్దూ ముస్లిములను బెంగాలీలు శత్రువులుగా చూశారు. వారు క్యాంపుల్లో మూడు తరాలు బతికారు. 2008లో గాని అక్కడి హైకోర్టు వారిని పౌరులని తేల్చలేదు. నిన్నటిదాకా బాధితుడైనవాడు ఇవాళ బాధపెట్టేవాడు కావడానికి ఎంతోకాలం పట్టదు. మసీదులో ఒకే సఫ్‌లో నిలబడినవాళ్లే.

కాబట్టి భాష చాలదు, మతం చాలదు. దేశాన్ని నిలబెట్టేది ఏమిటి? మా అల్పబుద్ధికి తోచింది ఇది. బలం ఉన్నవాడు బలం లేనివాడికి ఇచ్చిన మాట నిలుపుకొంటే దేశం నిలుస్తుంది. శ్రీబాగ్ అయినా, పెద్దమనుషుల ఒప్పందమైనా, 610 జీవో అయినా, అన్నిట్లోనూ ఒకే పాఠం.

ఇక మన సంగతి. పర్చూరు కుర్రవాడు చదువుకోసం హైదరాబాదు వెళతాడు. అక్కడ చార్మినారు వైపు మసీదులో నోరు విప్పితే, "క్యా మియా, యే కైసీ ఉర్దూ" అని నవ్వుతారు. ఆఫీసులో ఆంధ్రోడు అంటారు. ఢిల్లీ వెళితే మద్రాసీ అంటారు. ఇల్లు అద్దెకు అడిగితే పేరు విని ముఖం మారుస్తారు. క్రికెట్ మ్యాచ్ రోజున "నువ్వు ఎటువైపు?" అని అడుగుతారు. ఇక్కడే పుట్టి, ఇక్కడే దున్ని, ఇక్కడి మట్టిలోనే తాతముత్తాతలను పాతిపెట్టుకున్నవాడు, నేను ఈ దేశంవాణ్నే అని మళ్లీ మళ్లీ రుజువు చూపించాలంటే ఎంత అవమానమో మనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? అంత తెలిసినవాళ్లం మనం, ఇంకొకరిని ఆ ప్రశ్న అడగవచ్చునా?

ఏటా మిరప కోతలకు కర్నూలు జిల్లా ఆదోని, కోసిగి వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే మన మైదానాలకు వస్తాయి. కరువు తరిమితే వస్తాయి. చేను గట్టున పట్టాలు కప్పిన గుడిసెల్లో ఉంటారు. పిల్లలు బడి మానేసి తల్లితోపాటు కాయ కోస్తారు. వారిలో ముస్లిములూ ఉన్నారు. వారిని మనం ఏమని పిలుస్తున్నాం? సీమోళ్లు. బోరు కాడ నీళ్లు పట్టుకోనిచ్చేటప్పుడు ముఖం ఎట్లా పెడుతున్నాం? ఊళ్లో ఏదైనా పోతే మొదట ఎవరి గుడిసె వెతుకుతున్నాం? మద్రాసులో మనల్ని చూసినట్లే, హైదరాబాదులో మన కుర్రవాణ్ని చూసినట్లే కదా!

ఇంకొక సంగతి చెప్పి ముగింపుకు వస్తాము. 1980ల మధ్యలో ఈ పర్చూరు, చిలకలూరిపేట చుట్టుపక్కల పత్తికి తెల్లదోమ పట్టింది. ఎన్ని మందులు కొట్టినా చావలేదు. 1987 ప్రాంతంలో మన ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో అప్పుల పాలైన పత్తి రైతులు ఆ పురుగుమందే తాగారు. పెద్దవాళ్లకు ఆ రోజులు గుర్తే. పదేళ్ల తరువాత, 1997–98లో వరంగల్లు జిల్లాలో అదే జరిగింది. అక్కడ లద్దెపురుగు. మందు డబ్బాలు అవే, మందుల దుకాణందారు అప్పు పద్ధతి అదే, విధవరాలైన ఇల్లాలి ఏడుపు అదే. ఇటు నుంచి వెళ్లి వరంగల్లు, ఖమ్మం, ఆదిలాబాదుల్లో పొలాలు కౌలుకు తీసుకుని పత్తి, మిరప వేసిన మనవాళ్లు కొందరు బాగుపడ్డారు, కొందరు ఆ మట్టిలోనే కలిశారు. మా భూములు చవకగా కొన్నారని అక్కడివారి బాధ. రాళ్లు ఏరి సాగులోకి తెచ్చామని మనవారి మాట. రెండిటిలోనూ నిజం ఉంది. పురుగుకు మాత్రం ముల్కీ, గైర్ ముల్కీ తేడా తెలియదు. వడ్డీకీ తెలియదు.

ఫిర్యాదు వేరు, పగ వేరు. నాకు రావలసిన నీళ్లు రాలేదు, ఫలానా ఒప్పందంలో ఫలానా షరతు జరగలేదు, ఫలానా ఆఫీసు జవాబు చెప్పాలి – ఇది ఫిర్యాదు. దీన్ని గట్టిగా అడగాలి, సభల్లో అడగాలి, కోర్టులో అడగాలి. వదులుకోమని మేము చెప్పము. వాళ్లంతా అంతే, వాళ్ల పుట్టుకే అంత – ఇది పగ. ఫిర్యాదు తీరితే పోతుంది. పగకు తీరడం తెలియదు. అది తెలంగాణోడి నుంచి సీమోడి మీదికి, సీమోడి నుంచి పక్క వీధివాడి మీదికి, చివరికి మన తురకపాలెం, దూదేకుల బజారుల మధ్యకు కూడా వచ్చి కూర్చుంటుంది. సయ్యద్‌లం, షేక్‌లం అని కొందరు, నూర్‌బాషాలకు పిల్లనివ్వం అని కొందరు, ఇది మన ఇంట్లోనే లేదంటారా? సూరా హుజురాత్ పదమూడో ఆయత్ మనలో చాలామందికి కంఠస్థమే. కంఠంలో ఉన్నది ఇంటి గడప దాకా రావాలని మా ప్రార్థన.

కమిటీవారికి మూడు మనవులు. ఒకటి: ఈ కోతల కాలం నుంచే, పొరుగు జిల్లాల నుంచి వచ్చే కూలీల పిల్లలకు, ఏ మతంవారైనా సరే, ఊళ్లో ఉన్న నాలుగు నెలలూ బడిలో కూర్చునే ఏర్పాటుకు హెడ్మాస్టరు గారితో మాట్లాడాలి. పలకలు, పుస్తకాల ఖర్చు సంఘం పెట్టుకోవాలి. రెండు: సంబంధాలు చూసేటప్పుడు ప్రాంతం పేరున, తెగ పేరున వద్దనే మాట మన పెద్దల నోట రాకూడదు. పిల్లవాడి నడత, పిల్ల ఇష్టం చూడండి. మూడు: హైదరాబాదులో చదివే మన పిల్లలు సెలవులకు వచ్చేటప్పుడు, అక్కడి తెలంగాణ స్నేహితుల్ని వెంటబెట్టుకు రావాలి. మన ఇంట్లో ముద్దపప్పు, పండుమిరపకాయ పచ్చడి తిన్నవాడు ఫోనులో మన తల్లిని తిట్టలేడు. వాళ్ల సకినాలు తిన్న మన పిల్లవాడూ అంతే.

చెడిపోయిందన్న ఆ సంబంధం గురించి ఒక్క మాట. పిల్లవాడూ పిల్లా ఇంకా వద్దనలేదని మాకు తెలిసింది. వద్దన్నది పెద్దలే. ఖమ్మం ఇక్కడికి ఒక పగటి ప్రయాణం. సంఘం నుంచి ఇద్దరు బుజుర్గులు వెళ్లి మళ్లీ మాట్లాడితే పోయేదేమీ లేదు. బస్సు ఛార్జీలు మేము పెట్టుకుంటాము.

 అల్లాహ్ మన ఊరినీ, మన పొరుగు ఊళ్లనూ, మన దేశాన్నీ చల్లగా చూచుగాక. ఆమీన్. ఖుదా హాఫిజ్, సెలవు.